పిల్లి కాసిన పడవ

ఒకానొక తీరాన, వేట లేని రోజులని పడవను ఇసుక మీదికి లాగి, లోపల వలలు పెట్టి తాటాకులు కప్పారు. ఎలుకలు వలలు కొరక్కుండా బూడిదరంగు పిల్లిని కాపలా పెట్టారు. పడవ యజమాని రోజూ దానికి రెండు చేప తలకాయలు పడేసేవాడు. అవి తిని తిని, పిల్లి తానూ ఆ ఇంటి మనిషినే అనుకుంది.

ఒకనాడు అకాలవాన పట్టుకుంది. పడవ పక్కనున్న సరుగుడు చెట్టు వేళ్ళ కింది కన్నంలోంచి తల్లి ఎలుక బతిమాలింది.

"అక్కా, కన్నంలోకి నీళ్ళొస్తున్నాయి. పిల్లలింకా కళ్ళు తెరవలేదు. ఓ మూల చోటియ్యి, వల ముట్టుకోం."

"మా పడవేమన్నా సత్రం అనుకున్నావుటే?" అంది పిల్లి.

తెల్లారేసరికి ఎలుక పిల్లల్లో ఒక్కటే మిగిలింది.

తర్వాత పిల్లికి నెలలు నిండాయి. మన పడవే కదా అని మెత్తటి వలలోనే ఈనింది.

వేట మొదలయ్యే రోజు యజమాని తాటాకులు తీశాడు.

"వలంతా పాడుచేసింది. దీనికంటే ఎలుకలే నయం," అంటూ పిల్లల్ని తడి ఇసుకలోకి విసిరేశాడు.

మళ్ళీ వాన మొదలైంది. పిల్లి ఒక పిల్లను కరుచుకుని సరుగుడు చెట్టు కిందికి పరుగెత్తింది. తల్లి ఎలుక కన్నంలోంచి సముద్రం వైపు చూసింది.

"అక్కా, మీ పడవ వెళ్ళిపోతోంది."