సప్పలమ్మ ఒప్పుకున్న టైర్లు

పువ్వు అమ్మవారి ఆజ్ఞతో రాలుతుందా, తడి ఆరి రాలుతుందా అన్న సందేహం మునియప్పను ఇరవై ఏళ్ళుగా వదలలేదు. ఇప్పుడు కూడా కెంచార్లహళ్ళి సప్పలమ్మ గుడిలో చేతులు జోడించి, అమ్మవారి భుజాల మీద నీళ్ళతో అతికించిన రెండు గన్నేరు పూలను రెప్పవేయకుండా చూస్తున్నాడు. కుడిపక్కది పడితే సరేనని. ఎడమపక్కది పడితే వద్దని.

"అమ్మా, బండి టాపు మీద పెద్ద లైట్లు ఆరు వేపిద్దామనుకుంటాండా. వేపించేదా?" అని గట్టిగా అడిగాడు.

అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. పెళ్ళికీ, బోరు వేసే చోటికీ పువ్వడిగినవాళ్ళను చూశారు గాని, బండి లైట్లకు అడిగినవాణ్ణి ఎరగరు. పూజారి గురప్ప మాత్రం తల తిప్పలేదు. నీళ్ళచెంబు పట్టుకొని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. పువ్వడిగే వేళ పూజారి నోరు మెదపడు.

ఎడమపువ్వు రాలింది.

ఆ బండిని మునియప్ప ఎండాకాలంలో చిక్కబళ్ళాపురంలో కొన్నాడు. ఒకరు వాడిన డీజిల్ బండే గాని, నాలుగు చక్రాలూ లాగుతాయి. దాంట్లో నేపాల్ ముక్తినాథుడి దాకా పోవాలి. గండకి నదిలో సాలగ్రామాన్ని భార్య లక్ష్మీనరసమ్మ తన కళ్ళతో చూసి, తన చేత్తో తీసుకోవాలి. పెళ్ళయిన నాటి నుంచి ఆమె అడిగింది అదొక్కటే. కొండ ఎక్కేకొద్దీ రాళ్ళూ బురదా తప్ప రోడ్డనేది ఉండదని పోయొచ్చినవాళ్ళు చెప్పారు. ఆమెకేమో కంటినరం ఎండిపోతోంది. వచ్చే ఏడాదికి చూపు ఎంత మిగులుతుందో చెప్పలేనని డాక్టరు అన్నప్పటి నుంచి మునియప్పకు కాలు ఒకచోట నిలవడం లేదు. టమాటా తోటలో నీళ్ళు మళ్ళిస్తూ మధ్యలో ఇంటికొచ్చి, బండి తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తోటకు పోయేవాడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచేవాడు.

అతను తోలింది ట్రాక్టరూ, చింతామణి మార్కెట్టుకు టమాటా వేసే టెంపో. కొండదారి సంగతి అతనికేం తెలుసు?

ఆ మాటే లక్ష్మీనరసమ్మ అంది. "ఆ బండికి ఏమేమి కావాల్నో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక్కొక్కటీ సప్పలమ్మ ముందర నిలబడి అడుగు. ఆడ సరే అంటేనే నేను బండెక్కేది."

"టైర్ల సంగతి కూడానా?"

"టైర్ల సంగతే అడగల్ల. గట్టిగా అడుగు. నీ మాట ఎప్పుడూ గొంతులోనే నిలిచిపోతాది."

అలా మంగళవారం, శుక్రవారం మునియప్ప గుడికి పోవడం మొదలైంది. చింతామణిలో మెకానిక్ నాగేశ్ మొదట కడుపు పట్టుకుని నవ్వాడు. బాడీ దాటి బయటికొచ్చే వెడల్పు టైర్లు వేస్తే బండికి కళ వస్తుందని అతని వాదన. అమ్మవారు వద్దంది. కంపెనీ సైజులోనే, రాళ్ళకు చిట్లని గట్టి పక్కలున్న టైర్లకు కుడిపువ్వు ఇచ్చింది. టాపు మీద సామాను నింపే క్యారియరూ వద్దంది. పైన బరువెక్కితే పక్కకు ఒరుగుతుందని నాగేశే తర్వాత ఒప్పుకున్నాడు. రెండో స్టెప్నీ సరే. బురదలో దిగబడితే బయటికి లాగే పట్టీ సరే. టైర్లలో గాలి చూసుకునే మీటరు, నింపుకునే చిన్న పంపు అడిగినరోజైతే కుడిపువ్వు గురప్ప అతికించీ అతికించకముందే రాలిపోయింది.

నాలుగో వారానికి నాగేశ్ నవ్వడం మానేశాడు.

"ఏమప్పా, ఆయమ్మ యాడన్నా కొండల్లో బండి తోలిందా? నాకు లాభం వచ్చేవన్నీ వద్దంటాండాది. పనికొచ్చేవన్నీ సరే అంటాండాది."

"దేవతకు తెలియనిది ఏముంటాదప్పా" అన్నాడు మునియప్ప నేల చూస్తూ. అమ్మవారిని ఇంత చిన్నచిన్న వాటికి వాడుకోవడం పాపమేమోనని లోపల పీకుతూనే ఉంది. ఆమె పేరు అడ్డం పెట్టుకోకుండా అడిగే దారి మాత్రం అతనికి కనబడలేదు.

దసరా దాటింది. ఇంకొన్నాళ్ళు పోతే అక్కడ మంచు పడుతుంది. ఆ శుక్రవారం బండి గుడి ముందు నిలిపి ఇద్దరూ లోపలికి వచ్చారు. అడగవలసింది ఒక్కటే మిగిలింది.

"అమ్మా, ఈమెను పిలుచుకొని పోతాండా. పోయేదా?"

పూలు కదలలేదు. కర్పూరం కొండెక్కింది. మునియప్ప మళ్ళీ అడిగాడు. లక్ష్మీనరసమ్మ ఆనుకుందామని స్తంభం కోసం చేయి చాపింది. స్తంభం జానెడు పక్కన ఉంది.

గురప్ప అది చూశాడు. చెంబు కింద పెట్టి, పంచె ఎగగట్టి, బయటికి నడిచాడు. బండి చుట్టూ తిరిగాడు. టైర్లు నొక్కాడు. వంగి అడుగుభాగం చూశాడు. టవలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మునియప్ప ముందు నిలబడ్డాడు.

"బండికేమీ కొదవ లేదు. తోలేవానికే అలవాటు లేదు. మిలిటరీలో పదిహేడేండ్లు లేహ్ కొండదారుల్లో లారీ తోలినోణ్ణి, చెప్తాండా ఇను. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగల్ల. బ్రేకు తొక్కుకుంటా దిగితే లోయలోకే. నీతో కాదది. నేను తోలుతా. నాకు ట్రాక్టరు మీద స్టీరింగ్ పట్టేది నేర్పిచ్చింది నువ్వే కదా, ఆ రుణం ఇట్లన్నా తీరనీ."

మునియప్ప అతణ్ణి నమ్మలేనట్టు చూసి, బండి తాళం చేతికిచ్చాడు. లక్ష్మీనరసమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. తను వెనకసీట్లో కూర్చుంటానంది.

భాగాలు పంచుకున్న పన్నెండేళ్ళకు తమ్ముడు గురప్ప మునియప్పతో ఆడిన మొదటి మాట అది.