ద్వారకనాథ్ పదముగ్గురు

రుక్మిణమ్మ బ్యాగు సర్దుకుంది. కళ్ళద్దాలు, నీళ్ళ సీసా, పులిహోర డబ్బా, పదమూడు పేర్లు రాసుకున్న కాగితం. చివరగా తమ్ముడు ద్వారకనాథ్ ఫోను పెట్టింది. అది మోగకుండా చేసిందో లేదో మూడుసార్లు చూసుకుంది.

తిరుత్తణిలో పదిన్నర లోకల్ ఎక్కితే పన్నెండు లోపల తిరువళ్ళూరు.

ఆదివారం కాబట్టి శేషాద్రి పైపుల దుకాణం మూసి ఉంటుంది. షట్టరు సగం ఎత్తి నలుగురు స్నేహితులు లోపల కూర్చుంటారు. శేషాద్రి, మురుగేశ్, గుణ, చౌడయ్య. ద్వారకనాథ్‌తో కలిపి ఐదుగురూ ఒకప్పుడు స్కూలు బాస్కెట్‌బాల్ జట్టు. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి ఫోనులో ఆడుతున్నారు.

ఆ ఆట పద్ధతి రుక్మిణమ్మకు బాగా తెలుసు. అక్టోబరులో డ్రాఫ్టు. అమెరికాలో నిజంగా ఆడేవాళ్ళను వంతులవారీగా ఎంచుకుని, తలా పదముగ్గురితో టీం కట్టుకుంటారు. అక్కడ వాళ్ళు బుట్టలో బంతి వేస్తే ఇక్కడ వీళ్ళకు పాయింట్లు. జనవరిలో, సీజన్ సగమయ్యాక, దుకాణంలో కూర్చుని ఎవరు ఏం జోస్యం చెప్పారో, ఎవరి ఎంపిక ఎంత దండగైందో తిరగేస్తారు.

ఒక రూలుంది. శేషాద్రి పెట్టింది. ఆ మీటింగుకు మనిషి రాకపోతే టీం రద్దు.

ద్వారకనాథ్ టీం రద్దు కాకూడదు. రుక్మిణమ్మకు కావలసింది అంతే.

వాళ్ళు అడగబోయేవాటికి రైల్లో కూర్చుని జవాబులు అనుకుంది. ఒక్కదానికి మాత్రం దొరకలేదు. ఆ టీం ఎవరు నడుపుతున్నారని అడిగితే? డ్రాఫ్టు రోజు నుంచీ నడుపుతున్నది తనే. మందుల అట్టల మీద కూడబలుక్కుని నేర్చుకున్న ఇంగ్లీషుతో ఆటగాళ్ళ పేర్లు చదివింది. ఎవరు ఎంత బాగా ఆడతారో ఆమెకు తెలియదు. పోయిన సంవత్సరం ఎవరు ఎన్ని ఆటలకు రాలేదో చూసింది. ఒక్కరోజూ మానకుండా వచ్చినవాళ్ళనే ఏరుకుంది.

"రాక్కా, కూర్చో," అని శేషాద్రి స్టూలు తుడిచాడు.

"తమ్ముడికి డ్యూటీ. ఆత్తిపట్టు ప్లాంటులో ఆదివారం కూడా..."

"తెలుసులేక్కా."

గోడకు అంటించిన కాగితం మీద పాయింట్ల వరసలో ఐదు టీంల పేర్లున్నాయి. మొదటి పేరు ద్వారకనాథ్‌ది.

"మూడేండ్లు వరసగా లాస్టు వచ్చినోడు," అన్నాడు మురుగేశ్. "ఈ తూరీ వాడే లాస్టని నలుగురమూ రాసినాము. ఇప్పుడు చూడు, యాడుండాడో. వానికి బుద్ధి ఎప్పుడొచ్చిందక్కా?"

"ఈ యేడే."

"నా కథ వినక్కా," అన్నాడు గుణ. "ఫస్టు రౌండులో తీసుకున్నోడు రెండో వారమే నడుము పట్టుకోని కూర్చున్నాడు. ఈ సంవత్సరానికే మొనగాడవుతాడని రాసినా. చేత్తో రాసిస్తిని, ఇప్పుడు లేదనేదానికి కూడా లేదు."

"నీ నడుమేమన్నా బాగుందా?" అన్నాడు మురుగేశ్. "నీ మాదిరి వాన్నే ఎత్తుకున్నావు."

చౌడయ్య తక్కువ మాట్లాడే మనిషి. కాగితం దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించాడు.

"ద్వారక టీములో ఒక తప్పుండాది. మూడో రౌండులో తీసుకున్న ఈ సెంటరు ఆటగాడు. నవంబరులో మోకాలు పొయ్యింది. ఈ సీజన్ ఇంక ఆడడని చెప్పేసినారు. వాన్ని తీసేసి ఇంకొకన్ని పెట్టుకోమనక్కా."

"తీసెయ్యడంట," అంది రుక్మిణమ్మ.

"ఎందుకంట?"

"వాని చోటు వానిదే అంట."

గుణ పైపుల వైపు చూశాడు.

"సరి, పన్నెండుమందితోనే మనల్ని ఇట్ల కొడతాండాడు," అన్నాడు మురుగేశ్. "పదమూడోవాడు కూడా లేచి నిలబడితే మన గతేంది? ఉండనీలే."

శేషాద్రి గొంతు సవరించుకున్నాడు. "ఇంక రూలు సంగతి. మనిషి రావాలని రాసుకున్నాము."

రుక్మిణమ్మ బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది. ఫోన్ చేసి అడుగుదామని ఎవరైనా అంటారేమోనని భయపడింది. ఎవరూ అనలేదు.

"అక్క మనిషి కాదా?" అన్నాడు చౌడయ్య.

"నేనట్ల అంటినా?"

"మరి రాయి. ఊరక గొంతు సవరిస్తావు."

శేషాద్రి పెన్ను తీశాడు. రాస్తూ పైకి చదివాడు. "ద్వారకనాథ్, హాజరు."

రుక్మిణమ్మ పులిహోర డబ్బా మూత తీసింది. గుణ రెండుసార్లు పెట్టించుకున్నాడు. మురుగేశ్ వేరుశనగలు ఏరుకుని తిన్నాడు. రెండో సగంలో ఎవరు ఎవరిని మార్చుకోవాలో తింటూనే వాదించుకున్నారు. ఆమె తన కాగితం తీసి, శేషాద్రి టీములో గార్డుగా ఆడే ఒకడు ఈమధ్య వారానికి ఒక ఆట మానేస్తున్నాడని చెప్పింది. శేషాద్రి ఫోనులో చూసి, నిజమే అన్నాడు. వెంటనే అతన్ని మార్చేశాడు.

మూడు గంటలకు నలుగురూ ఆమెను స్టేషనుకు తీసుకుపోయారు. చౌడయ్య టికెట్ తెచ్చాడు. మురుగేశ్ కిటికీ పక్కన సీటు పట్టి పెట్టాడు.

"వానికి చెప్పక్కా," అన్నాడు కిటికీలోంచి. "ఏప్రిల్లో ఎవరు ఫస్టో చూసుకుందామని."

"చెప్తా."

"ఆ సెంటరును మాత్రం తీసెయ్యమాకని చెప్పు."

"అదీ చెప్తా."

రైలు కదిలింది. కనిపించినంత దూరం నలుగురూ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నారు.

ద్వారకనాథ్ కిందటి సెప్టెంబరు పద్నాలుగున, డ్రాఫ్టుకు ఐదు వారాల ముందు, డ్యూటీకని బైకెక్కి పోయి ప్రాణాలతో తిరిగి రాలేదు. మర్నాడు అతన్ని మోసిన నలుగురూ వీళ్ళే.