బూట్ల గది

రాత్రి భోజనం గంట మోగి పది నిమిషాలైంది. ఇరవై మంది బల్ల ముందు కూర్చున్నారు. సూప్ మాత్రం రాలేదు.

ఆర్లిక్ హౌస్‌లో అందరూ కూర్చున్నాకే వడ్డన. బంగళా హోటలయ్యాక కూడా ఆ పద్ధతి మారలేదు.

"మళ్లీ ఆ ముసలాయనేనా? ఆయన వచ్చేలోపు మాకు పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుడతారు," అన్నాడు డెబ్బై ఏళ్ల కల్నల్ ప్రింగిల్.

మేనేజరు మోరాగ్‌కు తల కొట్టేసినట్టయింది. ఎడిన్‌బరా నుంచి ఈ ఉద్యోగానికొచ్చి ఆర్నెల్లు కాలేదు.

వెనక వాకిలి పక్కనున్న బూట్ల గదికి వెళ్లింది. కొండ తిరిగొచ్చినవాళ్లు బురద బూట్లు విప్పేది అక్కడే.

ఆ ముసలాయన, గిల్‌ఫిలన్, ఒక్కో జతా తడిమి చూస్తున్నాడు. చేతిలో ఆడవాళ్ల బూట్లు.

"అవి మిస్ కెట్రియోనావి కదా సార్?"

"అవునమ్మా. ఒంటరిగా కొండెక్కే పిల్ల. ఇవి తడిగా ఉన్నాయి, ఇవాళ వేసుకెళ్లినవే. అంటే తిరిగొచ్చేసింది."

"వస్తే మీకెందుకండీ? వయసులో ఉన్న పిల్ల బూట్లు రోజూ తడుముతున్నారని కల్నల్ గారు అంటున్నారు. వినడానికే సిగ్గుగా ఉంది."

ముసలాయన మొహం పాలిపోయింది. బూట్లు మెల్లిగా కింద పెట్టాడు.

"రేపట్నుంచి నువ్వు చూస్తావా మరి?"

"వాళ్లేమన్నా చంటిపిల్లలా సార్? మీకు ఇంకో హోటల్ చూసిపెడతాను."

మర్నాడు పొద్దున్నే ఆయన సంచి సర్దుకున్నాడు.

మెట్ల దగ్గర ఆగి, "ఇవాళ పొగమంచు దిగుతుందమ్మా. సాయంత్రం ఒక్కసారి బూట్లు లెక్క చూడు," అన్నాడు.

"అలాగే సార్."

అనడం వరకే.

ఆ సాయంత్రం కెట్రియోనా కుర్చీ ఖాళీ.

"తలనొప్పేమో, గదిలో పడుకుని ఉంటుంది. ఇవాళన్నా వేడి సూప్ తాగనివ్వమ్మా," అన్నాడు కల్నల్.

మోరాగ్ వడ్డించమంది.

తెల్లారి చూస్తే కెట్రియోనా పక్క నలగలేదు.

మధ్యాహ్నానికి కొండ మీద వాగు పక్కన దొరికింది. కాలు విరిగింది. తెల్లవారుజాము దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

 తనే చంపేసినట్టనిపించింది మోరాగ్‌కు.

"రాత్రి ఎవరెవరు తిరిగొచ్చారో చూడలేదా?" పోలీసు సార్జెంట్ లెనాక్స్ అడిగాడు.

"గిల్‌ఫిలన్ అని ఒకాయన చూసేవాడు. నేనే పంపించేశాను."

సార్జెంట్ రాయడం ఆపేశాడు.

"ఏటా అక్టోబరులో ఈ లోయలో ఒక్కో హోటల్లో నాలుగేసి రోజులు దిగుతాడమ్మా, అక్కడి బూట్లు లెక్కపెట్టడానికే," అన్నాడు. "తొమ్మిదేళ్ల కిందట ఆయన కూతురి శవాన్ని కూడా ఆ వాగు దగ్గర్నుంచే దించాం."