పొంగిన చెయ్యి

“చెయ్యి చాపు పెద్దమ్మా,” అంది నర్సు అరుణశ్రీ.

లక్ష్మణమ్మ ముంజేయి చాపింది. రెండు రోజుల కిందట సూది గుచ్చిన చోట పెన్నుతో గీసిన సున్న తప్ప ఇంకేం లేదు. చర్మం పలకలా చదునుగా ఉంది. కొడుకు ఈశ్వర్ చెయ్యీ అంతే. కోడలు రాణి చెయ్యి చాపేసరికి మాత్రం అరుణశ్రీ సంచిలోంచి స్కేలు తీసింది. సున్న లోపల ఎర్రగా, గట్టిగా, రూపాయి బిళ్ళకన్నా కాస్త చిన్నగా పొంగి ఉంది.

“పదహారు మిల్లీమీటర్లు,” అని రాసుకుంది.

మూడేళ్ళ అమ్మడికి టీబీ అని శ్రీకాకుళం ఆసుపత్రిలో చెప్పిన దగ్గర్నుంచి లక్ష్మణమ్మకి తిండి సహించడం లేదు. మనవరాలికి ఇది ఎవరు అంటించారు? ఎండుచేపల తట్ట నెత్తినెట్టుకుని తిరిగినన్నాళ్ళూ అదే ఆలోచన. ఇప్పుడు జవాబు కళ్ళ ముందే పొంగి కూర్చుంది.

“దొరికిందిరా దొంగ!” రాణి ఒళ్ళోంచి పిల్లని లాక్కుంది. “ఒసే, పాలు పట్టి పెంచావనుకున్నాను. ఇసం పట్టావేటే!”

“అత్తా, నాకు దగ్గు నేదు, జొరం నేదు...”

“నోరు అబద్దమాడతాది. సెయ్యి ఆడదే!”

“ఆగు పెద్దమ్మా,” అంది అరుణశ్రీ. “పొంగితే రోగమని కాదు. మన రక్తంలో టీ కణాలుంటాయి. కాపలా సైనికులనుకో. టీబీ పురుగుని ఒకసారి చూసినవి ఇంక మర్చిపోవు. ఊపిరితిత్తుల్లో దాని చుట్టూ గోడ కట్టినట్టు నిలబడి, బయటికి రానివ్వవు. మొన్న సూదితో ఎక్కించింది ఆ పురుగు తాలూకు సరుకే. ఆనవాలు పట్టి అన్నీ ఎగబడ్డాయి. ఆ గుంపే ఈ వాపు.”

“అంటే దీని లోపల పురుగు ఉన్నట్టేనా?”

“ఎప్పుడో చేరి ఉంటుంది. బందీగా...”

“ఉన్నాదని నువ్వే అన్నావు. సాలు.”

మనిషి చెవి అంతే. కావలసిన ముక్క దగ్గర తెరుచుకుంటుంది, మిగతాదానికి గడియ పెట్టుకుంటుంది.

అరుణశ్రీ ఈశ్వర్ వైపు తిరిగింది. “నువ్వు గుజరాత్ బోట్ల మీదనుంచి చిక్కిపోయి వచ్చావట. చదునుగా ఉన్న చెయ్యిని కూడా నమ్మడానికి లేదు. నీరసం వల్లో, కొన్ని మందుల వల్లో సైనికులు లేవలేకపోయినా చెయ్యి పొంగదు.”

“నా కొడుకు జోలికెల్లకు,” అంది లక్ష్మణమ్మ. “ఎనిమిది నెలలు సముద్రం మీద ఉంటే సిక్కిపోకేటి సేస్తాడు?”

“సరే. నీకు దగ్గుందా పెద్దమ్మా? మందులేమైనా వాడుతున్నావా?”

“నిప్పు నోట్లో ఎట్టుకుని అడ్డ సుట్ట కాల్చేదాన్ని, దగ్గకుంటానేటి? ముప్పై ఏళ్ళ దగ్గిది. మందులంటే, మోకాళ్ళకి మా ఊరి ఆరెంపీ డాట్రు తెల్ల మాత్రలిస్తాడు. రెండేళ్ళై మింగతన్నాను. సూడు, లేడిపిల్లలాగ నడుస్తన్నాను.”

అరుణశ్రీ రాసుకుని మూడు చిన్న డబ్బాలు తీసింది. ముగ్గురూ తెమడ ఇవ్వాలంది, రాణిని ఎక్స్‌రేకి కూడా రమ్మంది.

“నాకూనా? నా ఉమ్ము గంగాజలం. పట్టుకుపో!” లక్ష్మణమ్మ కసిగా ఖాండ్రించి, డబ్బాలో ఉమ్మి, మూత బిగించి చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి రాణి కంచం వేరు, గ్లాసు వేరు, పడక వీధి అరుగు మీద. ఈశ్వర్ ఏదో అనబోతే, “పెళ్ళాం కావాలా, పిల్ల కావాలా?” అని తల్లి ఒక్క మాటతో నోరు మూయించింది. కోడలి గాలి సోకకుండా గది కిటికీ మూసి మేకు కొట్టించింది. పగలంతా అమ్మడిని గుండెల మీద పడుకోబెట్టుకుని, చెవిలో కథలు చెప్పి, వేళకి మందులు మింగించింది. ఎత్తుకుంటే పిల్ల దూదిపింజలా ఉంది.

“అత్తా, ఒక్కపాలి సూపించు,” అని రాణి తలుపు బయట ఏడ్చేది.

“నీ ఊపిరి తగిల్తే గుంట సచ్చిపోతాదే. తల్లివేనా నువ్వు?”

అయిదో రోజు మధ్యాహ్నం అరుణశ్రీ వచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“రిపోర్టులొచ్చాయి.”

“దీందే కదా?” లక్ష్మణమ్మ అరుగు వైపు గడ్డం ఎగరేసింది.

“రాణి తెమడలో ఏం లేదు. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంది. ఆమె సైనికులు గట్టివాళ్ళు. వారానికోసారి మాత్రలు, మూడు నెలలు. అంతే.”

లక్ష్మణమ్మ చటుక్కున తల తిప్పింది. కొడుకు వైపు చూసింది. “ఓలమ్మో... ఈడికా? సెప్పకు సిస్టరమ్మా, నాను ఇనలేను!”

“ఈశ్వర్‌కీ లేదు.”

ఈశ్వర్ గోడకి చేరగిలబడ్డాడు. అరుగు మీద రాణి మెల్లగా లేచి నిలబడింది.

“హమ్మయ్య! ఎవరికీ నేదన్నమాట!” లక్ష్మణమ్మ నవ్వుతూ అమ్మడిని ఇంకా దగ్గరికి హత్తుకుని, బుగ్గకి బుగ్గ ఆనించింది.

అరుణశ్రీ నవ్వలేదు.

“ముందు పాపని కిందకి దించు పెద్దమ్మా.”