పొయ్యి వింటోంది

యమున పుల్లలు విరిచి పొయ్యిలో పెడుతోంది. చారు పొంగు మీదుంది.

అత్త జగ్గమ్మ వచ్చి, గరిటెతో ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. ముఖం చిట్లించింది. అంతలో పొయ్యి కాలి వైపు చూసి గొంతు సవరించుకుంది.

"చారు కాస్త పల్సగున్నాది తల్లీ. పర్లేదు, ఒంటికి మంచిదే!" అంది, కావాలని గట్టిగా.

నాలుగు నెలల కిందటైతే ఆ చారు పెరట్లో పారేది. "మీ అమ్మ నీకు నీళ్లు కాయడమే నేర్పినాదేటే?" అన్న మాట వీధి చివరిదాకా వినిపించేది. యమునకి ఆ పూట ముద్ద దిగేది కాదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు ఊళ్లో పొగ తక్కువ పొయ్యిలు పంచారు. సగం పుల్లలతోనే వంటైపోతుంది, కొండ మీద చెట్లు మిగులుతాయి, గాలి బాగుపడుతుంది అన్నారు. జనం నిజంగా వాటి మీదే వండుతున్నారో లేదో తెలియడానికి కొన్ని ఇళ్లలో పొయ్యి కాళ్లకి చిన్న నల్లటి మీటర్లు కట్టారు. జగ్గమ్మ ఆమదాలవలసలో కూతురింటికి వెళ్లి తిరిగొచ్చేసరికి తమ పొయ్యి కాలికీ ఒకటుంది.

"ఇదేటే?"

"మనం మాటాడిందల్లా ఇంటాదంట అత్తా. ఆపీసుకి పంపుతాదంట."

ఆ రోజు నుంచి జగ్గమ్మ తిట్లన్నీ పెరట్లో కోడికే. కోడి గుడ్లు తగ్గించింది. యమున కాస్త ఒళ్లు చేసింది.

మధ్యాహ్నం విజయనగరం ఆఫీసు నుంచి అనూరాధ వచ్చింది. గడువు అయిపోయిందని ఇంటింటికీ తిరిగి మీటర్లు విప్పుకుంటోంది. అంట్లు తోముతున్న యమున తలుపు ఓరగా వేసి సందులోంచి చూసింది. అనూరాధ ఆ ఇంటి ముందు నుంచే పక్కింటి వైపు వెళ్లిపోయింది కూడా.

"ఓలమ్మా! మా ఇల్లు మరిసిపోతన్నావేటి?" జగ్గమ్మ పరుగున వెళ్లి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "నాలుగు నెల్లయి నోరు కట్టుకు కూకున్నాను. ఇప్పేయమ్మా. ముందిది సెప్పు, నా మాటలన్నీ మంచిగానే ఇనబడ్డాయా?"

"మాటలేంటమ్మా? మీటరుకి వేడి తప్ప..."

యమున చేతిలోని గరిటె ఖంగున కింద పడింది.

"ఒసే, నీ సేతులు..." జగ్గమ్మ గిరుక్కున తిరిగింది. పొయ్యి కాలు కంటబడింది. "పోన్లే తల్లీ, గరిటే కదా!"

అనూరాధ అత్తను చూసింది. కోడలిని చూసింది. చల్లారిన పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, చేతిలోని ఇళ్ల జాబితా పైనుంచి కిందిదాకా చదివింది.

మీటర్లు కట్టిన పద్దెనిమిదిళ్లలో ఎన్నడూ లేని ఆ ఇంట, పొయ్యి కాలికి తీగతో చుట్టి ఉన్న పాత టార్చిలైటు మూతను చున్నీతో తుడిచి, తీగని ఇంకో మెలిక బిగించి, అనూరాధ గడప దాటి వెళ్లిపోయింది.