కూలర్‌కు అడ్డం

"నడపడం రానివాళ్ల చేతికి బండిస్తే ఇంతే!" మెకానిక్ షెడ్డులో అందరి ముందూ భార్య మీద విరుచుకుపడ్డాడు భర్త. బస్తాలతో ఎత్తు ఎక్కుతుండగా ఆమె చేతిలోనే పికప్ ఆగిపోయింది.

మెకానిక్ గేర్ ఆయిల్ వాసన చూశాడు. "మాడిపోయింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కదా, ఆయిల్ చల్లబడకపోతే ఇలాగే అవుద్ది." బండి ముందుకెళ్లి వంగాడు. "ఆయిల్ కూలర్‌కి గాలి తగలకుండా ఇంత బోర్డు ఎవరు బిగించారమ్మా?"

సోకు కోసం పోయిన నెల బిగించింది భర్తే. ఇప్పుడు అతను తల దించుకున్నాడు.

"మేం కొన్నప్పటి నుంచీ ఉందన్నా," అంది ఆమె.

అతని పరువు దక్కింది. తల మాత్రం పైకి లేవలేదు.

"కాదన్నా," అన్నాడు చివరికి. "తను వద్దని మొత్తుకున్నా వినకుండా నేనే బిగించాను."

అంతసేపూ నిబ్బరంగా నిలబడ్డ ఆమెకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.