కన్నబాబు పేరు మీద

బనియను వెనక కన్నబాబు ఫొటో అచ్చు వేయించుకుని సన్యాసిరాజు కూర్మన్నపాలెంలో పరుగు మొదలుపెట్టాడు.

అది 2006 డిసెంబరు. పరుగు బీచ్ రోడ్డు దాకా. విరాళాలుగా వచ్చే డబ్బంతా సీతమ్మధారలో ఉన్న హాస్పిస్‌కి వెళ్తుంది. మందులతో ఇక నయం కాదని తేలిన రోగులను, నొప్పి తెలియకుండా చివరిదాకా చూసుకునే చోటు అది.

అతనూ కన్నబాబూ స్టీల్ ప్లాంటులో ఒకే షిఫ్టు. పరుగు పందెం ఎక్కడ పెట్టినా కలిసే వెళ్ళేవారు. కన్నబాబు ముందు, సన్యాసిరాజు వెనక. గాజువాక దాటుతుంటే అలవాటుకొద్దీ కళ్ళు ఆ వీపు కోసం వెతికాయి. ముందు రోడ్డు ఖాళీగా ఉంది.

కన్నబాబును హాస్పిస్‌లో దింపిన రోజు గుర్తొచ్చింది. ఆటోలోంచి చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తాల్సి వచ్చింది. అంత వేగంగా పరిగెత్తిన కాళ్ళు చేతికి కర్రపుల్లల్లా తగిలాయి. మంచం మీద పడుకోబెట్టి సన్యాసిరాజు తల తిప్పుకున్నాడు.

“మొకం అలాగెట్టీసినావేటి బావా?” అన్నాడు కన్నబాబు. “రేపు రా. కబుర్లు సెప్పుకుందుం.”

“రేపొత్తాను బావా.”

మర్నాడు డ్యూటీ దిగి బస్సెక్కాడు. హాస్పిస్ గేటు దాకా వెళ్ళాడు. ఆ కాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. లోపలికి అడుగు పడలేదు. ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత బస్సు కూడా ఎక్కలేదు. సాయంత్రమైతే బూట్లు తొడుక్కుని టౌన్‌షిప్ రోడ్ల మీద పరిగెత్తేవాడు. రోగులను చూడనిచ్చే వేళ దాటిపోయేదాకా పరిగెత్తేవాడు.

“ఓపాలి ఎల్లి సూసి రావచ్చు గదా,” అనేది భార్య.

“పరుగుంది గదా. ప్రాక్టీసు సెయ్యొద్దేటి?” అనేవాడు.

పేరు రాయించుకున్నప్పుడు నిర్వాహకుడు శ్రీరామ్మూర్తి అడిగాడు.

“ఎవరి పేరు మీద పరిగెడుతున్నారండీ?”

“మా కన్నబాబండి. ఆ హాస్పిస్‌లోనే...” మాట మధ్యలో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

శ్రీరామ్మూర్తి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “చెప్పొద్దు లెండి, అర్థమైంది. మీలాంటి స్నేహితుడు ఎంతమందికి ఉంటాడు?”

ఆ మాట అప్పట్నుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

సింధియా జంక్షన్ దాటాక ఓడరేవు బొగ్గుపొడి నోట్లో పడింది. డొక్కలో పోటు మొదలైంది. చాలామంది పరుగు మాని నడుస్తున్నారు. అతను ఆగలేదు. నొప్పి ఇంకా రావాలనిపించింది. ఆ మంచం పక్కన ఒక్క పూట కూర్చోలేకపోయినవాడికి ఈ మాత్రం చాలదనిపించింది.

వీపు మీది ఫొటో చూసి రోడ్డు పక్క జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు అతని తల ఇంకా వంగిపోయింది.

బీచ్ రోడ్డులో ఆఖరి గీత దాటి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. శ్రీరామ్మూర్తి లేవదీసి వేదిక ఎక్కించాడు. మైకు అందుకున్నాడు.

“ఈ సన్యాసిరాజు గారు తన ప్రాణస్నేహితుడి కోసం ఇంత దూరం పరిగెత్తారు. కన్నబాబు గారి ఆత్మశాంతికి ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం.”

సన్యాసిరాజు నోరు తెరిచాడు. అప్పటికే అందరూ లేచి నిలబడ్డారు. అతనూ తల దించుకున్నాడు. చెమటతో పాటు కన్నీళ్ళు కారుతుంటే, అది చూసి ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

మౌనం ముగిసింది. జనం కూర్చుంటూ ఉండగా హాస్పిస్ వ్యాను వచ్చి ఆగింది. నర్సు ఆశాజ్యోతి దిగి, ఎదురైనవాళ్ళను ఆనవాలు అడుగుతూ వేదిక దగ్గరికి వచ్చింది.

“సన్యాసిరాజు గారంటే మీరేనాండీ?”

తలూపాడు.

“కన్నబాబు గారు పొద్దుటే లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నారండీ, మా బావ ఎన్నోవాడిగా వచ్చాడో కనుక్కుని రమ్మని నన్ను పంపించారు.”